వాగు వైపు గది

అత్తగారు మంచం దిగనని భీష్మించుకుని రెండు పూటలైంది.

పొద్దున పెట్టిన టీ స్టూలు మీదే చల్లారి తెట్టు కట్టింది. ఆవిడ దుప్పటి మెడదాకా లాక్కుని, మొహం అద్దం వైపు తిప్పుకుని పడుకుంది. ఎవరైనా గదిలోకి వస్తే కళ్ళు మూసుకుంటుంది, వెళ్ళిపోగానే తెరుస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు.

గీతలమ్మ గుమ్మంలో కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది. కోడలు ఎప్పుడు చూసినా కాగితాల మీద గీతలు గీస్తూ కనబడుతోందని, పెళ్ళయిన కొత్తలో అత్తగారే ఆ పేరు పెట్టింది. వెక్కిరింతగా పెట్టిన పేరు ముద్దుపేరు కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆఫీసులో కూడా అందరూ అలాగే పిలుస్తారు.

ఈ ఇల్లు కూడా గీతలమ్మ గీతల్లోంచి వచ్చిందే. వెనక సగం రాతినేల మీద కూర్చుంది. ముందు సగం ఇనప స్తంభాల మీద నిలబడి, చెట్ల మధ్యనుంచి వాగు వైపు చాచుకుని ఉంది. ఆ చివర ఉన్నదే అత్తగారి గది. గది పొడవునా అద్దం, దాంట్లోనే పక్కకి జరిపే తలుపు. మంచం మీద పడుకుంటే కాళ్ళ దగ్గర నీళ్ళు పారుతున్నట్టే ఉంటుంది. చూడవచ్చిన వాళ్ళందరూ ముందు ఆ గదిలోకే వెళ్ళి, అదృష్టవంతులండీ మీరు అని అత్తగారితో అనేవాళ్ళు. ఆవిడ అవునని తలూపేది.

ఇప్పుడు గీతలమ్మ ఆ వాగు వైపు చూడకుండా తిరుగుతోంది. వారం రోజుల ముసురు. అడుగున గులకరాళ్ళు కనబడే నీళ్ళు ఎర్రమట్టి రంగుకి మారాయి. నిన్న అవతలి గట్టు మీది పెద్ద చెట్టొకటి వేళ్ళతో సహా ఒరిగి నీళ్ళలో పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరో అలిసిపోయి కూర్చున్నట్టు కూలబడింది. అది చూసినప్పటినుంచి గీతలమ్మకు ముద్ద దిగలేదు.

వంటగదిలో ఆడపడుచు ఇంకా భుజాన బ్యాగు దించలేదు. ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ దిగి, కారేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోన్లో రమ్మన్నది గీతలమ్మే. అత్తయ్య మీరు చెబితే వింటుంది వదినా, నాలుగు రోజులు మీ దగ్గర ఉంచుకోండి అని. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కూతురి కారు వాకిట్లో ఆగడం చూశాక, అత్తగారు మంచం దిగడం మాట అటుంచి, పక్కకు ఒత్తిగిలడం కూడా మానేసింది.

అసలు గొడవ నిన్న సాయంత్రం మొదలైంది. నాలుగు రోజులు వెనకగదిలో పడుకోండి అత్తయ్యా అంది గీతలమ్మ. ఎందుకని ఆవిడ అడిగింది. అద్దం తలుపు పట్టేసింది, బాగుచేయించాలి అంది కోడలు. తలుపు బాగు చెయ్యడానికి మంచమెందుకు కదలాలో అత్తగారికి అర్థం కాలేదు. పొద్దున కారొచ్చాక అర్థమైపోయిందనుకుంది.

ఆవిడకు అర్థమైంది తప్పు. కాని గీతలమ్మ చెప్పింది కూడా సగమే నిజం. మిగిలిన సగం తన మనసులో కూడా అనుకోవడానికి భయపడుతోంది.

"ఎత్తుకెళ్ళడానికి వచ్చినదానిలా చూస్తోంది అమ్మ నన్ను" అంది ఆడపడుచు. "ఏం జరుగుతోందో నాకైనా సరిగ్గా చెప్పు."

అంతలో అత్తగారి గదిలోంచి ఇంజనీరు బయటికొచ్చాడు. చేతిలో నూనె డబ్బా, స్క్రూడ్రైవరు. అతను గీతలమ్మ భర్త. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. ఆవిడ గీస్తుంది, అతను నిలబెడతాడు. కాలేజీలో ఒకే బల్ల దగ్గర చదువుకున్నవాళ్ళు కాబట్టి ఆఫీసులో భర్తని 'నువ్వు' అనేస్తుంది. ఇంట్లో అత్తగారి ఎదురుగా మాత్రం 'మీరు'. ఏ మాటకి ఏ పిలుపో చూసి, ఇప్పుడు మొగుడితో మాట్లాడుతోందా, ఇంజనీరుతోనా అని అత్తగారు ఏడిపించేది.

తలుపు కదల్లేదు. తేమకి పట్టేసిందన్నాడు ఇంజనీరు.

చెక్కయితే తేమకి ఉబ్బిందనుకోవచ్చు. అది ఇనప చట్రం, అద్దం. వాటికి వాన ఏం తెలుస్తుంది? గీతలమ్మ ఆ మాటే అంది. అతను వినిపించుకోనట్టు చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం బడి కమిటీ వాళ్ళు వస్తున్నారు. చెరువు పక్కన పిల్లల లైబ్రరీ కట్టాలని వాళ్ళ ఆశ. నీళ్ళ పక్కన ఇల్లు ఎలా నిలబడుతుందో చూద్దామని ఈ ఇంటికే వస్తామన్నారు. ఇలాంటి పని కోసం ఇద్దరూ చదువైనప్పటి నుంచి ఎదురుచూస్తున్నారు.

ఈ ఒక్కరోజూ తలుపుల సంగతి ఎత్తకు అని అతను నెమ్మదిగానే అన్నాడు. వాళ్ళు చూసి వెళ్ళాక ఇల్లంతా విప్పి చూద్దామన్నాడు.

"ఇలా రా" అంది గీతలమ్మ. నువ్వుతోనే అంది. ఆడపడుచు కూడా వెనకే వచ్చింది.

ఇంటి వెనక సగమూ ముందు సగమూ కలిసే చోట నడవలో ఒక సందు ఉంది. ఎండకి ఇనుము సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది కాబట్టి కావాలనే వదిలిన సందు. పైన ఇత్తడి పట్టీ కప్పారు. గీతలమ్మ వంగి పట్టీ తీసింది. నిన్న సాయంత్రం ఆ సందులో తన పెన్సిలు దూర్చి చూశానని చెప్పింది. బిగుసుకుని నిలబడింది. మళ్ళీ లాగడానికి బలం పెట్టాల్సి వచ్చింది.

చెవి పక్కనుంచి పెన్సిలు తీసి, సందు మీద పెట్టి వదిలింది.

పెన్సిలు నిలబడలేదు. నేరుగా కిందికి జారిపోయింది. కాసేపటికి స్తంభాల మధ్య రాళ్ళ మీద పడ్డ చిన్న చప్పుడు వినబడింది.

ఆడపడుచు భుజం మీది బ్యాగు దించి గోడకి ఆనించింది. ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని సందులో వేలు పెట్టి చూశాడు. అతని మెడ మీద నరం కదలడం గీతలమ్మ గమనించింది.

"స్తంభాలు గట్టినేల మీదే ఉన్నాయి" అన్నాడు చివరికి. "మట్టి నేనే పరీక్ష చేయించాను."

"ఎక్కడ?" అంది గీతలమ్మ.

"ఎక్కడేమిటి? ఇక్కడే."

"ఇక్కడా?"

అతను తలెత్తి వెనక వంటగది వైపు చూశాడు.

వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ ఇల్లు కట్టినా ముందు నేల మీద మేకులు పాతి, తాళ్ళు కట్టి, గదుల్ని అసలు కొలతల్లో గీస్తారు. దాన్ని తాళ్ళ ఇల్లంటారు. ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ళని పిలిచి, ఆ తాళ్ళ మధ్య కుర్చీలు వేసి కూర్చోబెడతారు. ఇక్కడ పడుకోండి, ఇక్కడ టీ తాగండి, ఇక్కడ పోట్లాడుకోండి అంటారు. కాగితం మీద తెలియనిది తాడు మీద తెలుస్తుందని గీతలమ్మ నమ్మకం. చాలా ఇళ్ళకి అది నిజమైంది కూడా.

ఈ ఇంటికి తాళ్ళు కట్టిన రోజు ఎండ కాస్తోంది. అత్తగారు అప్పటికి ఇంకా చకచకా నడిచేది. ప్లాస్టిక్ కుర్చీలో తన గది మధ్యన రాణీలా కూర్చుని, నీళ్ళ చప్పుడు వినబడుతోంది గాని నీళ్ళు కనబడట్లేదురా అంది. ఇంజనీరే మేకులు పీకి, తాళ్ళు ముందుకు జరిపాడు. ఇంకొంచెం అందావిడ. జరిపాడు. ఇంకొంచెం అంది. అందరూ నవ్వారు. వాగులోకి దిగిపోతావేమో అమ్మా అని కూడా అతనే అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయేదాకా ఇల్లు మొత్తం తాళ్ళతో సహా గట్టు వైపు నడిచింది.

మట్టి పరీక్షకి గుంటలు తవ్వింది అంతకు ముందు. తాళ్ళు జరిగాయి. గుంటలు జరగలేదు.

నేలని ఒక చోట అడిగి, ఇల్లు ఇంకొక చోట కట్టారు. ఇందులో దాపరికం లేదు, మోసం లేదు. అందరూ అక్కడే ఉన్నారు, అందరూ చూశారు. చూసి నవ్వుకున్నారు. చదువుకున్న మనుషులు ఇద్దరు, పక్కపక్కనే నిలబడి, అమ్మ మొహం చూసి మురిసిపోతూ, ఇంత పెద్ద సంగతి మరిచిపోయారంటే నమ్మడం కష్టం. ప్రేమగా చేసే పనుల్లో ఇలాంటి పొరపాట్లే ఎక్కువ జరుగుతాయి, ఎవరూ అడ్డుపడరు గనక.

ఇంజనీరు గొడుగు కూడా తీసుకోకుండా వెనక తలుపు తీసుకుని బయటికి నడిచాడు. గీతలమ్మ గొడుగు పట్టుకుని వెంట పరుగెత్తింది. వంటగది కిటికీ కింద బోర్లించిన గంగాళంలాంటి బండరాయి ఒకటి ఉంది. వాగు వైపు చిట్టచివరి గుంట ఆ బండ పక్కనే తవ్వించాడు. అతనికి బాగా గుర్తు. పైకొచ్చిన మట్టిని పిడికిట్లో పిసికి చూసుకున్నది కూడా గుర్తే. పసుపుపచ్చటి గట్టిమట్టి, అడుగున రాయి. అది చూసి సంబరపడి గీతలమ్మకు ఫోను చేశాడు.

ఆ బండ దగ్గర నిలబడి అతను వాగు వైపు చూశాడు. వంటగది దాటి, నడవ దాటి, అత్తగారి గది ఎంతో దూరాన ఉంది.

"పునాదులు తవ్వేటప్పుడైనా నేను చూసుండాల్సింది" అన్నాడు.

చూడకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు. పునాదులు తవ్విన రోజుల్లోనే అత్తగారు కూతురి ఫ్లాటులో స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ రోజులన్నీ ఇద్దరూ ఆసుపత్రిలోనే ఉన్నారు. మేస్త్రీ కాగితం మీద రాసినంత లోతు తవ్వి, రాసినట్టే కాంక్రీటు పోశాడు. అక్కడ ఏం మట్టి వచ్చిందో అడిగిన వాళ్ళు లేరు.

"అక్కడ ఏముండి ఉంటుంది?" అని గీతలమ్మ అడిగింది. ఆవిడకీ తెలుసు. అయినా అతని నోట వేరే మాటేదైనా వస్తుందేమోనని అడిగింది.

"ఒకప్పుడు వాగే ఉండుంటుంది. కుళ్ళిన ఆకులు, బురద. ఎండినన్నాళ్ళూ గట్టిగానే కనిపిస్తుంది." గీతలమ్మ వైపు తిరిగాడు. "అమ్మని బయటికి తీసుకురా. ఇప్పుడే. నేను కిందికి దిగి చూసొస్తాను."

స్తంభాల కిందికి వెళ్ళొద్దని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎంత జారిందో చూడకుండా ఎలా అని అతను విడిపించుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఇవాళ ఒక్క మాట వాదించకుండా కుందేలుని వదిలేశాడు. అదే ఎక్కువ భయం వేసింది గీతలమ్మకు. అతను ఇంకా మొండికేస్తూ ఉంటే, ఏమీ కాదేమోనని కాస్త ఆశ ఉండేది.

లోపలికి వచ్చేసరికి ఆడపడుచు బడి కమిటీ వాళ్ళకు ఫోనులో రావద్దని చెబుతోంది. ఎందుకని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. ఇంట్లో మనిషికి బాగాలేదంది. ఫోను పెట్టేసి, పద, ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఎత్తుకొచ్చేద్దాం, తర్వాత తిట్టుకుంటే తిట్టుకోనీ అంది.

గీతలమ్మ వద్దంది. మిమ్మల్ని చూస్తే మంచం కోడు పట్టుకుంటుంది వదినా, పెనుగులాటలో మళ్ళీ పడితే ఆ తుంటి ఇక అతకదు అంది. ఆడపడుచు మొహం చిన్నబోయింది. ఆవిడ చెడ్డ కూతురేం కాదు. పగలూ రాత్రీ డ్యూటీలు, రెండే గదుల ఫ్లాటు. తల్లిని రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకుంది. ఈ ఇల్లు కట్టకముందు ఆఫీసు పైన మేడగదుల్లో ఉండే తమ్ముడే, ఆ వయసులో తల్లికి అన్ని మెట్లు వద్దని ఒప్పగించాడు. అమ్మకి తన ఇల్లంటే ఎందుకంత భయమో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

నడవలో సందు దాటేటప్పుడు గీతలమ్మ కాలు ఒక్కక్షణం ఆగింది. తనే గీసిన ఇల్లు, తనే ఎంచుకున్న చెక్కనేల. దాటింది.

గదిలో వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. అద్దం అవతల నీళ్ళు నిన్నటికంటే దగ్గరగా, నిన్నటికంటే తొందరగా పోతున్నాయి. కొమ్మలు, ఆకులు, ఎవరిదో విరిగిన కుర్చీ కొట్టుకుపోయాయి. అత్తగారు కళ్ళు మూసుకుంది.

"మీరు నిద్రపోవట్లేదని నాకు తెలుసు అత్తయ్యా."

"తెలిస్తే మరెందుకు లేపుతావు?"

మామూలు రోజైతే గీతలమ్మ నవ్వేది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. వదిన కారుకీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. గట్టు జారుతోందనీ, ఈ గది కింద నేల మంచిది కాదనీ, ఇల్లు ముందుకు జరిపినప్పుడు చూసుకోలేదనీ చెప్పింది. తలుపు పట్టేసింది అందుకేనంది. ఈ గది ఇంకెంతసేపు ఉంటుందో తెలీదంది.

అత్తగారు కళ్ళు తెరిచింది. ఆశ్చర్యపడలేదు. భయపడలేదు.

"నాకు తెలుసమ్మాయ్" అంది.

గీతలమ్మ మంచానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఏం తెలుసు?"

"మాత్రలు. చెయ్యి వణికి మాత్ర కింద పడుతుంది చూడు. ఇదివరకు మంచం కిందే దొరికేది. ఇప్పుడెక్కడ పడ్డా దొర్లుకుంటూ వెళ్ళి ఆ అద్దం దగ్గర ఆగుతుంది."

"ఎప్పట్నించి?"

"ముసురు పట్టకముందు నుంచే."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ ఉంది.

"చెబితే ఈ గది తీసేసేవాళ్ళుగా."

గీతలమ్మకు మొదట కోపం వచ్చింది. అరవాలనిపించింది. ఇంతకాలం మాత్రలు అద్దం దాకా దొర్లడం చూస్తూ, నోరు కుట్టేసుకుని, ఆ వాలుతున్న గదిలోనే నిద్రపోయిందా ఈ మనిషి? నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ ఏడిపించే మనిషి?

ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరి మీదా ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు గొంతు. అమ్మాయి ఇంట్లో తన గదికి ఒకే కిటికీ అంది. తెరిస్తే పక్కింటి గోడ. వానకి ఆ గోడ మీద మరకలు పడేవి. ఒకటి గుర్రంలా ఉండేది, ఒకటి చెవిలా. రెండేళ్ళు చూశాను, ఆ మరకలన్నీ కంఠతా వచ్చు నాకు అంది. అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోతే సాయంత్రందాకా మాట్లాడే మనిషి లేదు, గోడ తప్ప. ఒకరోజు ఆ గోడకే ఏదో జవాబు చెప్పి, తన గొంతు తనే విని హడలిపోయిందట. ఆ వేళే స్నానాల గదిలో పడింది.

"దానికి చెప్పకు. బాధపడుతుంది" అంది. "నీళ్ళలో పోతానేమోనని నాకు భయం లేదనుకోకు. ఉంది. రాత్రిళ్ళు ఈ అద్దం టిక్కుమంటే ప్రాణం పోతుంది. కాని ఆ గోడంటే ఇంతకన్నా భయం."

గీతలమ్మకు కోపమంతా ఎటో పోయి, ఏడుపు వచ్చింది. లేచి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"మీరు లేవకపోతే నేనూ లేవను."

"బెదిరిస్తున్నావా?"

"భయపడుతున్నాను అత్తయ్యా. చేతులు చూడండి."

అత్తగారు ఆ చేతుల్ని చూసింది. వేళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. ఆవిడ తన చేత్తో వాటిని కప్పింది. కప్పిన చెయ్యి కూడా వణుకుతూనే ఉంది.

"ఈ గది పోతే మా గది మీది" అంది గీతలమ్మ. "మాకు ఎక్కడైనా నిద్రపడుతుంది. కిటికీ లేని గదిలో మిమ్మల్ని ఒక్కరోజు కూడా పెట్టను. ఎవరింటికీ పంపను."

"వాడు ఒప్పుకోవద్దూ?"

"ఆయన ఒప్పుకోకపోతే ఆయన్నే వదినతో పంపేద్దాం."

అత్తగారి పెదాలు ఒక పక్కకి కదిలాయి. దుప్పటి తీసింది. ముందు బాగున్న కాలు, తర్వాత తుంటి విరిగిన వైపు కాలు, మెల్లిగా నేలకి దించింది. వాకరు కొనిస్తే ఆవిడ ముట్టుకోకుండా తిప్పి పంపేసింది. నా కోడలు చెయ్యుండగా ఆ ఇనప మేకపిల్ల ఎందుకంటుంది. బరువంతా గీతలమ్మ మోచేతి మీద వేసి లేచి నిలబడింది.

మంచం వారనే రెండడుగులు వేశారు.

చప్పుడు కింద నుంచి వచ్చింది. గట్టిగా రాలేదు. ఎవరో బరువైన పెట్టెను నేల మీద కాస్త లాగి వదిలినట్టు వచ్చింది. స్టూలు మీది టీ కప్పు కదిలి, అంచుదాకా జరిగి ఆగింది. అద్దం మీద పైమూల నుంచి సన్నటి గీత బయల్దేరి, తొందరేమీ లేనట్టు కిందికి దిగడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద నేల వాగు వైపు ఒరిగింది. కొంచెమే. కాని తెలిసేంత.

అత్తగారి గోళ్ళు గీతలమ్మ చేతిలో దిగబడ్డాయి.

"కదలకండి." చెక్కనేల కింద నుంచి, కాళ్ళ దగ్గర్నుంచే ఇంజనీరు గొంతు వినబడింది. "పైన ఎవరున్నారు?"

"ఇద్దరం" అంది గీతలమ్మ.

అతను ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

"మూల స్తంభం కింద మట్టి లేదు. గాల్లో వేలాడుతోంది. మీరు నడుస్తుంటే ఊగడం కనబడుతోంది నాకు. ఇద్దరూ కలిసి రావద్దు. గోడవారనే, ఒక్కొక్కళ్ళే రండి. ఒకళ్ళు సందు దాటాకే రెండోవాళ్ళు కదలాలి."

ఇద్దరు ఆడవాళ్ళ బరువు ఆ దూలాలకి ఓ లెక్కలోది కాదు. ఇంకో రోజైతే ఆ మాట అతనే చెప్పి నవ్వేవాడు. ఇప్పుడు కింద బురదలో నిలబడి, తన కళ్ళెదుట ఊగుతున్న ఇనుముని చూస్తున్నవాడికి ఏ లెక్కా గుర్తులేదు. తను ఏం చెప్పాడో కూడా అతనికి ఇంకా తట్టలేదు.

ముందుగా తట్టింది అత్తగారికే. ఇంకొకరి చెయ్యి లేకుండా ఆవిడ అడుగు వెయ్యలేదు.

గీతలమ్మ చేతిలోంచి గోళ్ళు విడిపోయాయి. ఆవిడ ఒక్కో వేలే తీసేసుకుని, వెనక మంచం పట్టె తడుముకుని, మళ్ళీ కూర్చుంది. కూర్చోవడం కూడా జాగ్రత్తగా, నేల అదరకుండా కూర్చుంది.

"నువ్వు నడు" అంది చాలా నెమ్మదిగా. కిందికి వినబడకుండా అంది. "నేను కూర్చున్నాగా. వాడొచ్చి తీసుకెళ్తాడులే."

నడవ చివర సందుకి అవతల ఆడపడుచు రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ఆవిడ మొహంలో రక్తం లేదు. గీతలమ్మ గోడకి ఆనుకుని, అటు చూసింది, ఇటు చూసింది. ఒక అడుగు కూడా ఎటూ వెయ్యలేకపోయింది.

"ఎవరు ముందొస్తున్నారు?" అని ఇంజనీరు కింద నుంచి అడిగాడు.